బెల్టులు పంచాక హమాలీల నడుము నొప్పి నిజంగా తగ్గిందా?

ప్రశ్న: నా వయసు 38. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో గోదాము చూసుకుంటాను. పని ఎక్కువైనప్పుడు నేనూ బస్తాలకు చెయ్యి వేస్తాను. గత సీజన్‌లో మా హమాలీల్లో చాలామందికి నడుము, మెడ నొప్పులు వచ్చాయి. ఆరు నెలల క్రితం యాజమాన్యం అందరికీ నడుము బెల్టులు ఇచ్చి, బరువు ఎత్తే పద్ధతి మీద ఒక పూట శిక్షణ పెట్టించింది. ఇప్పుడు ఫిర్యాదులు సగానికి తగ్గాయని వాళ్లంటున్నారు. హమాలీలేమో నొప్పి అలాగే ఉందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? నాకు కూడా మూడు వారాలుగా నడుము పట్టేసి ఎడమ కాలిలోకి లాగుతోంది.

జవాబు: ముందు మీ కాలి సంగతి. ఇంట్లో మడమల మీద నాలుగడుగులు నడిచి చూడండి. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవకుండా కిందికి జారిపోతుంటే ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకో, నరాల డాక్టరుకో చూపించండి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోతే చాలామందికి కొన్ని వారాల్లో నొప్పి దానంతటదే సర్దుకుంటుంది. మంచం పట్టకండి, మెల్లగా నడుస్తూ ఉండండి. బస్తాల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఆరు వారాలకూ తగ్గకపోతే పరీక్ష అవసరం.

ఇక మీ అసలు ప్రశ్న. ఆరు నెలల క్రితమంటే సీజన్ ముగిశాకే బెల్టులు వచ్చి ఉంటాయి. కోతల తర్వాత లారీలు వరుస కట్టే రోజులను, మిల్లు సగం ఖాళీగా ఉండే రోజులతో పోల్చి నొప్పులు తగ్గాయంటే అది లెక్క కాదు. పోయిన ఏడాది వానాకాలం ధాన్యం వచ్చిన నెలలను ఈ ఏడాది అవే నెలలతో పోల్చాలి. అప్పుడు కూడా ఎన్ని బస్తాలు దిగాయో పక్కన రాసుకోవాలి. పది వేల బస్తాలకు ఎంతమందికి నొప్పి వచ్చిందన్నదే న్యాయమైన కొలత.

రెండోది, ఫిర్యాదు వేరు, నొప్పి వేరు. బస్తా లెక్కన కూలి తీసుకునే మనిషి నడుము నొప్పి అని చెబితే ఆ రోజు కూలి పోతుంది. అందుకే చెప్పడు. నా దగ్గరకు వచ్చిన ఒక హమాలీ చొక్కా జేబులో నొప్పి మాత్రల పట్టీ ఉంది, పదింటిలో రెండే మిగిలాయి. ‘పొద్దున ఒకటి వేసుకుంటేనే మొదటి లారీ దించగలను సార్’ అన్నాడు. మిల్లు రిజిస్టరులో ఆయన పేరు లేదు. చెమట కారి ఒంట్లో నీరంతా ఎండిపోయే పనిలో రోజూ ఆ మాత్రలు వేసుకుంటే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి. ఆ రోజు నుంచి ఇలాంటి వారిని ‘వారానికి ఎన్ని మాత్రలు?’ అని తప్పకుండా అడుగుతున్నాను. మీరూ అడగండి. రిజిస్టరు చెప్పనిది ఆ జవాబు చెబుతుంది.

పేర్లు రాయకుండా ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగితే చాలు. గత ఏడు రోజుల్లో మెడ, భుజాలు, నడుము, మోకాళ్లలో ఎక్కడైనా నొప్పి ఉందా? గత ఏడాదిలో ఉందా? దానివల్ల పని మానుకోవాల్సి వచ్చిందా? కండరాల, కీళ్ల నొప్పులను లెక్కించడానికి 1987 నుంచి ప్రపంచమంతటా వాడుతున్న నార్డిక్ ప్రశ్నావళి సారం ఇదే. పని మానేసి ఊరికి వెళ్లిపోయినవాళ్లకు కూడా ఫోను చేయండి. నొప్పి భరించలేనివాళ్లు వెళ్లిపోతే, మిగిలినవాళ్ల లెక్క ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

బెల్టుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాటి మీద పెట్టిన డబ్బు వృథా. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పరిశోధకులు పెద్ద దుకాణాల్లో సరుకు మోసే తొమ్మిది వేల మందికి పైగా సిబ్బందిని పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. రోజూ బెల్టు కట్టుకున్నవారికీ, కట్టుకోనివారికీ నడుము నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నొప్పి ఆగదని, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షలు కూడా తేల్చాయి. క్రమం తప్పని వ్యాయామం, దానితోపాటు అవగాహన కొంత మేలు చేస్తాయి.

కారణం బరువులోనే ఉంది. అదే నియోష్ సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు రెండు చేతులతో ఎత్తడానికి తగిన బరువు 23 కిలోలు. అదే బరువును నేల మీద నుంచి ఎత్తాలంటే పరిమితి సుమారు 18 కిలోలకు పడిపోతుంది. నడుము ఎత్తులోనే ఉన్నా, ఒంటికి అర మీటరు దూరంగా పట్టుకుంటే 23 కాస్తా పదకొండున్నర అవుతుంది. మీ బియ్యం బస్తా 50 కిలోలు. మోకాళ్లు ఎంత చక్కగా వంచినా ఆ బస్తా 23 కిలోలు కాదు. హమాలీలు వీపు మీద, మెడ మీద మోస్తారు కాబట్టి ఈ లెక్క వారికి అచ్చంగా సరిపోదు, కానీ వెన్నుపూస మీద పడే భారం తక్కువేమీ కాదు.

అందుకే యాజమాన్యాన్ని అడగాల్సింది వేరే ఉంది. లారీ నుంచి నెట్టు (బస్తాల దొంతర) దాకా కన్వేయర్ బెల్టు పెట్టగలరా? బస్తాలను నేల మీద కాకుండా నడుము ఎత్తు బల్ల మీద దించే ఏర్పాటు ఉందా? ట్రాలీలు ఉన్నాయా, ఉంటే వాటి చక్రాల్లో గాలి ఉందా? నేను చూసిన ఒక గోదాములో నాలుగు ట్రాలీలు కొని ఏడాదైంది. గచ్చు గుంతలు పడటంతో అవి కదలక, మూలన బూజు పట్టి ఉన్నాయి. కాగితం మీద మాత్రం ఆ ఏర్పాటు ‘అమలైంది’. కాబట్టి కొన్న వస్తువులు కాదు, ఒక గంట నిలబడి ఎన్ని బస్తాలు ట్రాలీ మీద వెళ్లాయో, ఎన్ని వీపు మీద వెళ్లాయో లెక్కపెట్టండి. గాయం చేసేంత బరువు ఎవరితోనూ మోయించకూడదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే ఉండేది. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఆ మాట గుర్తు చేయండి.

ఈ లెక్కలు వచ్చే సీజన్ మొదటి లారీ దిగకముందే ఒకసారి తీసుకోండి. మార్పులు చేశాక, సీజన్ నడిమధ్యలో అవే ప్రశ్నలతో మళ్లీ తీసుకోండి. వీలైతే ఒక గోదాములో ముందు మార్చి, రెండో గోదామును కొన్నాళ్లు పాత పద్ధతిలోనే ఉంచి పోల్చండి, ఆ తర్వాత అక్కడా మార్చాలి. ఈలోగా మడమల మీద నడిచినప్పుడు మీ పాదం ఎలా ఉందో నాకు రాయండి.