అరవై రోజుల్లో అమ్మగలిగే బండి కొనుక్కో తమ్ముడూ

కొత్త లెక్సస్ ఆర్‌ఎక్స్ కొనాలా, ఇంచుమించు అదే డబ్బుకి మూడేళ్ళ పాత బీఎండబ్ల్యూ ఎక్స్5 కొనాలా అని అడిగావు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నానని, హెచ్-1బీ వర్క్ వీసా మీద మూడో ఏడని, పాప పుట్టిందని, వేసవిలో అమ్మానాన్నా వస్తున్నారని కూడా రాశావు. హార్స్‌పవర్ గురించి, స్పీకర్ల గురించి అంత వివరంగా రాసినవాడివి డౌన్ పేమెంట్ ఎంత కడతావో ఒక్క ముక్క రాయలేదు. "నెలకి ఎనిమిది, తొమ్మిది వందల డాలర్ల దాకా పర్లేదు అన్నయ్యా" అన్నావు చూడు, నాకు భయం వేసింది అక్కడే.

ఆ మాటే నేనూ అన్నాను, 2007లో. ఈ దేశంలో దిగి ఏడాది తిరక్కుండానే ఒక జర్మన్ కంపెనీ ఎస్‌యూవీ కొన్నాను, నాలుగేళ్ళ పాతది. రూమ్మేట్లందరూ కరోలాలు, క్యామ్రీలు నడుపుతున్న రోజులు. ఫైనాన్స్ గదిలో కూర్చున్న పెద్దమనిషి నన్ను బండి ధర గురించి మాట్లాడనివ్వలేదు. "నెలకి ఎంతైతే నీకు ఇబ్బంది ఉండదు?" అన్నాడు. ఆరు వందలన్నాను. తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు గళ్ళు చేశాడు. ఒకదాంట్లో బండి ధర, ఒకదాంట్లో పాత బండికి ఇచ్చే విలువ, మూడోదాంట్లో డౌన్ పేమెంట్, నాలుగోదాంట్లో నెల వాయిదా. నాకు పాత బండి లేదు, డౌన్ పేమెంట్‌కి డబ్బూ లేదు. నేను నాలుగో గడినే చూస్తూ కూర్చున్నాను. అది ఆరు వందల ఎనభై నుంచి ఆరు వందలకి దిగేసరికి బేరం గెలిచానని పొంగిపోయాను. అది దిగింది గడువు 60 నెలల నుంచి 72 నెలలకి జరిపినందువల్లనని ఇంటికొచ్చి కాగితాలు చదివాక తెలిసింది. క్రెడిట్ చరిత్ర లేనివాణ్ణి కదా, వడ్డీ రెండంకెల్లో వేశారు.

ఆ గళ్ళ కాగితం ఇప్పటికీ బతికే ఉంది. ఇప్పుడు ట్యాబ్లెట్ మీద చూపిస్తున్నారు, అంతే తేడా.

2008 వేసవిలో పెట్రోలు దేశం మొత్తం మీద సగటున గ్యాలన్ నాలుగు డాలర్లు దాటింది. పెద్ద బళ్ళ మొహం చూసేవాడు లేడు. సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ కూలింది, ఆ శీతకాలంలోనే నా ప్రాజెక్టూ ఆగిపోయి బెంచ్ మీదకొచ్చాను. సరిగ్గా అప్పుడే ఒక ఉదయం అపార్ట్‌మెంట్ కిందకి దిగి చూస్తే బండి వెనక భాగం గేదె చతికిలబడ్డట్టు నేలకి ఆనుకుని ఉంది. బండిని గాలి సంచుల మీద నిలబెట్టే ఎయిర్ సస్పెన్షన్ పోయిందన్నారు. రిపేరు అంచనా నా నెల అద్దెకి రెండింతల పైనే. సరే, అమ్మేద్దామని తీసుకెళ్తే వాళ్ళు ఇస్తామన్న ధర కంటే బ్యాంకుకి నేను కట్టాల్సిన బాకీ చాలా ఎక్కువ. అమ్మాలంటే ఎదురు డబ్బు కట్టాలి, ఉంచుకోవాలంటే నెలనెలా కట్టాలి. చివరికి ఒక స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చి బ్యాంకుకి కట్టి మరీ బండి వదిలించుకున్నాను. దీన్నే ఇక్కడ అప్‌సైడ్ డౌన్ అంటారు. మన ఊళ్ళో చేతి చమురు వదలడం అంటారు.

ఆ తర్వాత లక్షన్నర మైళ్ళు తిరిగిన కరోలా ఒకటి నగదు పెట్టి కొని, అందులో సామాను వేసుకుని డాలస్ వచ్చాను. ఇవాళ ప్లేనోలో ఇల్లుంది, గరాజ్‌లో రెండు బళ్ళున్నాయి, రెండింటి మీదా పైసా అప్పు లేదు. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

నీ విషయానికొద్దాం. హెచ్-1బీ వాడి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 కాగితం గడువు అంతకన్నా ముందే తీరితే ఆ తేదీ దాకానే. 2017 జనవరి దాకా మాకు ఆ అరవై రోజులు కూడా లేవులే. నిబంధనలు వీసాల వ్యవహారం చూసే యూఎస్‌సీఐఎస్ సైట్లో చూసుకో, మీ లాయర్ని అడుగు. నేను చెప్పేది బండి గురించి. ఆ అరవై రోజుల్లో ఇంటి లీజు తెంచుకోవాలి, ఇంటర్వ్యూలకి తిరగాలి, వెనక్కి వెళ్ళాల్సి వస్తే సామాను సర్దాలి. అప్పుడు బండిని అమ్మకానికి తీసుకెళ్తే చేతికి నాలుగు డబ్బులు రావాలి గానీ, ఎదురు కట్టే గతి పట్టకూడదు. లగ్జరీ బండిని నేను తూచే తూకం ఇదొక్కటే. తోలు సీట్ల సంగతి తర్వాత.

లెక్క చూడు. పన్నుతో కలిపి బండి 50,000 డాలర్లు పడిందనుకో, వడ్డీ 7 శాతం అనుకో. డౌన్ పేమెంట్ లేకుండా 72 నెలలకి తీసుకుంటే నెలకి దాదాపు 852. ఏడాది పాటు కట్టాక చూస్తే 10,200 పైన కట్టి ఉంటావు, బాకీ ఇంకా 43,000. ఏడాది వాడిన బండికి ఎవడూ అంత ఇవ్వడు. అదే బండికి ముందే 15,000 కట్టి, మిగతా 35,000 నలభై ఎనిమిది నెలలకి తీసుకో. నెలకి 838. వాయిదా ఇంచుమించు అదే, పైగా తక్కువ. ఏడాది తర్వాత బాకీ 27,000 చిల్లర. మొదటి పద్ధతిలో గడువంతా కట్టే వడ్డీ 11,000 దాటుతుంది, రెండోదాంట్లో ఐదు వేల చిల్లర. చేతిలో ఆ 15,000 లేవంటావా? అయితే నీకు ఇప్పుడు కావాల్సింది ఆర్‌ఎక్సూ కాదు, ఎక్స్5ఊ కాదు. మీ తరం వాళ్ళకి ఈ మాట రుచించదని నాకు తెలుసు.

డీలరు దగ్గరికి వెళ్ళేముందే క్రెడిట్ యూనియన్‌లో, అదే సభ్యుల సహకార బ్యాంకులో, అప్పు మంజూరు కాగితం తీసుకుని జేబులో పెట్టుకో. బ్యాంకు ఇచ్చిన రేటు మీద డీలరు తన వాటా కలుపుకోవడం ఇక్కడ మామూలే. నీ దగ్గర ఇంకో రేటు ఉందని తెలిస్తే ఆ వాటా దానంతటదే కరుగుతుంది. వీసా ముగిసే తేదీకి మించి గడువు ఇవ్వనివాళ్ళు కూడా ఉంటారు, అదీ ముందే తెలుస్తుంది. బండి కొనకుండా లీజుకి తీసుకుంటే చవక కదా అంటావేమో. టెక్సస్‌లో లీజుకిచ్చిన బండి పూర్తి ధర మీద 6.25 శాతం పన్ను పడుతుంది, దాన్ని నీ మీదకే తోస్తారు. మధ్యలో వదిలేయడం కూడా తేలిక కాదు. వద్దు.

ఇక కొత్తదా పాతదా. మూడేళ్ళ పాత లగ్జరీ బళ్ళు ఇక్కడ కుప్పలుగా దొరుకుతాయి, ఎందుకంటే లీజులు ఎక్కువగా మూడేళ్ళకే తీరతాయి. మొదటివాడు పెద్ద తరుగు భరించి వెళ్ళిపోయాడు, అది నీకు లాభం. కానీ జర్మన్ బండి విషయంలో ఒక మెలిక ఉంది. బీఎండబ్ల్యూ వారంటీ 4 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళు, ఏది ముందైతే అది, మొదటివాడు బండి తీసుకున్న రోజు నుంచి. అంటే మూడేళ్ళ ఎక్స్5 కొంటే నీకు మిగిలేది ఏడాదో, అంతకన్నా తక్కువో. తర్వాత ప్రతి రిపేరూ నీ జేబులోంచే. ఎక్స్5 చెడ్డ బండి అనడం లేదు. అందులో 2019 నుంచి వస్తున్న ఆరు సిలిండర్ల ఇంజన్ నడపడానికి హాయిగా ఉంటుంది, నేనూ నడిపాను. కానీ ప్రీమియం పెట్రోలు, చాలావాటికి గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు, బ్రేకులు, అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి. కంపెనీ సర్టిఫై చేసి వారంటీ పొడిగించినదైతే తప్ప దాని జోలికి పోకు.

లెక్సస్‌కి, అక్యూరాకి 4 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళ వారంటీ పైన, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ 6 ఏళ్ళు లేదా 70,000 మైళ్ళు ఉంటుంది. నీకు నా సలహా 2023 మోడల్ నుంచి వస్తున్న ఆర్‌ఎక్స్ 350హెచ్, రెండు మూడేళ్ళ పాతది, సర్టిఫైడ్‌ది. మామూలు పెట్రోలుతో నడుస్తుంది, హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా 150,000 మైళ్ళ వారంటీ. అమ్మకానికి పెడితే వారం తిరక్కుండా ఫోన్లు వస్తాయి. జెనెసిస్ జీవీ80 చూసి కళ్ళు చెదురుతాయి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ పదేళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ అంటారు. అది మొదటి యజమానికి. సర్టిఫికేషన్ లేకుండా రెండోచేతికి వస్తే బాగా కుదించుకుపోతుంది.

అమ్మానాన్నా వస్తున్నారు కదా, మూడో వరస కావాలా అన్నావు. వాళ్ళుండేది మహా అయితే ఆరు నెలలు. మిగతా కాలమంతా ఆ సీట్లలో బియ్యం బస్తా ప్రయాణిస్తుంది. ఎక్స్5లో మూడో వరస పెట్టించుకోవచ్చు గానీ అందులో పెద్దవాళ్ళని కూర్చోబెట్టడం పాపం. నిజంగా ఏడుగురు తిరగాలంటే అక్యూరా ఎండీఎక్స్ చూడు. పాతది కొంటే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడుగు, లక్ష మైళ్ళ దరిదాపుల్లో మార్చాల్సినది అది. గ్రాండ్ కాన్యన్ ట్రిప్పుకి మినీవ్యాన్ అద్దెకి తీసుకుంటే పోయేది కొన్ని వందలే.

కొత్తదే కావాలని మీ ఆవిడ పట్టుబడితే ఒక చిన్న సంగతి. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలోనే తుది కూర్పు జరిగిన కొత్త బండి మీద అప్పు తీసుకుంటే ఏడాదికి 10,000 డాలర్ల దాకా వడ్డీని పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. దంపతుల ఆదాయం 2 లక్షలు దాటితే అది తరుగుతూ పోతుంది. తమాషా ఏమిటంటే జర్మన్ బండి అనుకునే ఎక్స్5 తయారయ్యేది సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో, మెర్సిడీస్ జీఎల్ఈ అలబామాలో, ఎండీఎక్స్ ఒహాయోలో. ఇక్కడ అమ్మే ఆర్‌ఎక్స్‌లు వచ్చేది ఎక్కువగా కెనడా నుంచి, దానికి ఈ వరం లేదు. దీనికోసం బండి మార్చుకోకు గానీ నీ పన్నులు చూసే సీపీఏని ఒకమాట అడుగు.

పాతది చూడ్డానికి వెళ్ళినప్పుడు సీటు బెల్టు చివరిదాకా లాగు. అడుగున బురద గీత కనిపించినా, తడి వాసన వచ్చినా అది వరదలో మునిగిన బండి. 2017లో హార్వే తుపాను తర్వాత హ్యూస్టన్ బళ్ళు తళతళ మెరుస్తూ ఎక్కడెక్కడికో వెళ్ళాయి. టైరు మీద డీఓటీ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడు. 2321 అంటే 2021లో 23వ వారం టైరు. నాలుగు టైర్లకి నాలుగు తేదీలుంటే ఎందుకో అడుగు. బండి గుర్తింపు సంఖ్య, అదే విన్ నంబరులో పదో అక్షరం మోడల్ సంవత్సరం చెబుతుంది, పీ అంటే 2023, ఆర్ అంటే 2024. బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే ఓబీడీ స్కానర్ ఇరవై ముప్ఫై డాలర్లకి దొరుకుతుంది, ఒకటి తీసుకెళ్ళు. లోపాలేవీ చూపించకపోయినా బండి తనని తాను చేసుకునే "రెడీ" పరీక్షలు చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే, నువ్వు రావడానికి ముందే ఎవరో లోపాలు తుడిచేశారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బండి ఆపి గంట కూర్చో. తర్వాత నాలుగు చక్రాల మీదా ఉన్న సందుని వేళ్ళతో కొలిచి చూడు. 2007లో కొన్న ఆ బండికి ఈ పని చేసుంటే చాలా డబ్బు మిగిలేది. లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిన రీకాల్స్ వివరాలు ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో విన్ కొడితే ఉచితంగా వస్తాయి. చివరగా డీలరుకి సంబంధం లేని మెకానిక్కి రెండు వందలు ఇచ్చి లిఫ్ట్ ఎక్కించు. ఒప్పుకోనివాడి దగ్గర కొనకు.

సంతకం పెట్టాక మూడు రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మన టెక్సస్‌లో బళ్ళ దుకాణంలో అలాంటి హక్కేమీ లేదు. ఇంకోటి, మన దేశంలో పదేళ్ళు నడిపిన అనుభవాన్ని చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. టెక్సస్ కనీస పాలసీ 30/60/25, అంటే అవతలివాళ్ళ గాయాలకీ ఆస్తికీ కట్టే పరిమితులు వేల డాలర్లలో; అప్పిచ్చినవాడు దానికి ఒప్పుకోడు, పూర్తి కవరేజీ అడుగుతాడు. కాబట్టి ఆరు నెలల ప్రీమియం ఎంతో రెండు విన్ నంబర్లతో ముందే కనుక్కో.

పాత బండికి పూజ చేయిస్తే బాగుంటుందా అని కూడా అడిగావు. ఫ్రిస్కో హనుమాన్ గుడి పక్కనే కదా నీకు. పంతులుగారు ఓడోమీటర్ చూడరు, నిమ్మకాయలు తీసుకెళ్ళు చాలు.

శనివారం వెళ్ళకు, వాళ్ళకి తీరిక ఉండదు, నీకు తొందర పెడతారు. మామూలు రోజు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించు. పాప కార్ సీటు వెంట తీసుకెళ్ళి వెనక్కి తిప్పి బిగించి, ముందు సీట్లో మీ ఆవిడ మోకాళ్ళు పడుతున్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఆ రోజు సంతకం పెట్టొద్దు. పన్నుతో, ఫీజులతో కలిపిన మొత్తం ధర కాగితం మీద రాయించుకుని ఇంటికి వచ్చి, దాన్నే నాకు పంపు. నెల వాయిదా ఎంతో మాత్రం రాయకు.