ఉప్పు తగ్గించిన ఆవకాయ: ఏది ముందు పెట్టాలి?

30 మందికి ముందు పాత ఆవకాయ, తర్వాత ఉప్పు తగ్గించినది పెడితే 19 మంది కొత్తదే బాగుందన్నారు, నమ్మొచ్చా అని అడిగారు కదండీ. ఇప్పుడే నమ్మకండి. అందరికీ ఒకే వరసలో పెట్టడమే చిక్కు. మొదటి ముద్దకే నోరు మండిపోతే, రెండోదాంట్లో ఉప్పు ఎంతుందో నాలుకకు సరిగ్గా తెలియదు.

ఈసారి 15 మందికి పాతది ముందు, మిగతా 15 మందికి కొత్తది ముందు ఇవ్వండి. ఎవరికి ఏ వరసో చీటీలు తీసి తేల్చండి. గిన్నెల మీద ఎ, బి అని రాయొద్దు, ఎ అంటే మేలైనదనుకుంటారు. 472, 815 లాంటి నంబర్లు వేయండి. అన్నం, ఊట, ముక్క తూచి కలపండి. ఊట ఎక్కువ పడ్డ ముద్దకే ఓటు పడటం నేను కళ్లారా చూశాను. మధ్యలో ఉప్పు వేయని పెరుగన్నం, మంచినీళ్లు, అయిదు నిమిషాల విరామం ఇవ్వండి.

30 మందిలో కనీసం 21 మంది ఒకదాన్నే ఎంచుకుంటేనే 5 శాతం స్థాయిలో, అంటే నిజంగా తేడా లేకపోయినా ఊరికే ఇలా కలిసొచ్చే అవకాశం 5 శాతానికి మించని స్థాయిలో, తేడా ఉన్నట్టు లెక్క. 19 చాలదు. అలాగని అదే మనుషులకు రెండోసారి తినిపించి 60 అని లెక్కేయకండి, కొత్తవాళ్లను పిలవండి. ‘ఏది ఉప్పగా ఉంది’ అన్న ప్రశ్న వేరే రోజుకు ఉంచండి.