ఇంగ్లండ్ ప్రైవేటు స్కూల్లో సిక్స్త్ ఫారం (స్కూలు చివరి రెండేళ్ల) పిల్లలకు ఎకనామిక్స్ చెప్పడం ఎలా ఉంటుంది? మనవాళ్లు ప్రయత్నించవచ్చా?

అడిగినావిడ ఎంఏ ఎకనామిక్స్ చేసి, భర్త ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద వచ్చానని, ఇక్కడి టీచర్ ట్రైనింగ్ లేకుండా ఉద్యోగం వస్తుందా అని రాశారు. వస్తుందండి. ఫీజులతో నడిచే ఇండిపెండెంట్ స్కూళ్లలో చెప్పడానికి క్యూటీఎస్ (ప్రభుత్వం గుర్తించిన టీచర్ అర్హత) ఉండి తీరాలని ఇక్కడి చట్టంలో లేదు. పీజీసీఈ (డిగ్రీ తర్వాత చేసే టీచర్ ట్రైనింగ్) చేసినవాళ్ల వైపు మొగ్గు ఉంటుంది, అది నిజమే, కానీ సబ్జెక్టు గట్టిగా వచ్చి క్లాసును పట్టుకోగలిగినవాళ్లను తీసుకునే స్కూళ్లు ఉన్నాయి. నేనలాగే చేరాను. డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ మాత్రం ఎవరికీ తప్పదు. ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడగొచ్చు, ముందే తెప్పించి పెట్టుకోండి.

ఇక ఎలా ఉంటుందంటే, క్లాసులో పన్నెండు పదిహేను మందే ఉంటారు, మన ఇంటర్ వయసు పిల్లలు, మూడే సబ్జెక్టులు ఏరికోరి తీసుకున్నవాళ్లు. మాట బాగా వస్తుంది. ఇంట్లో భోజనాల దగ్గరే వడ్డీ రేట్ల గురించి విని ఉంటారు. మనం ఇంటర్ సీఈసీలో నోట్సు డిక్టేట్ చేస్తే రాసుకుని అప్పజెప్పిన బాపతు, ఇక్కడ అది అస్సలు సాగదు. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే ఈ వయసుకు ఎకనామిక్స్ వాళ్లింటి డబ్బుతో చెబితేనే తలకెక్కుతుంది. పాఠ్యపుస్తకాల్లో పన్ను అనగానే సిగరెట్లు, పెట్రోలు. ఆ రెండూ కొనని పిల్లలకు అవి చెప్పి ఏం లాభం?

2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్, అంటే మన జీఎస్టీ లాంటి పన్ను, వచ్చింది కదా. సరిగ్గా అప్పుడే నా ఇయర్ 12 (సిక్స్త్ ఫారం మొదటి ఏడాది) క్లాసులో పరోక్ష పన్నుల పాఠం నడుస్తోంది. బోర్డు మీద డిమాండ్, సప్లయి గీతలు గీసి పైన సిగరెట్లు అని కాకుండా ‘మీ ఫీజు’ అని రాశాను. క్లాసంతా ఒక్కసారి నిటారుగా కూర్చుంది. వెనకనుంచి ఒకబ్బాయి వెంటనే, “మొత్తం మా నాన్నే కడతాడు మిస్, ఇందులో గీయడానికేముంది” అన్నాడు. సరే, లెక్క వేద్దాం పట్టమన్నాను. స్కూళ్లు తాము కొనేవాటి మీద కట్టిన వ్యాట్‌ను వెనక్కి రాబట్టుకోవచ్చు కాబట్టి అసలు పెరుగుదల 15 శాతం దగ్గర ఉంటుందని పన్నులు, ప్రభుత్వ ఖర్చుల మీద పరిశోధన చేసే ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ 2023లోనే లెక్కగట్టింది. దీర్ఘకాలంలో ప్రైవేటు స్కూళ్లలో 37,000 మంది, అంటే సుమారు 6 శాతం తగ్గుతారని ప్రభుత్వ అంచనా. ఆరును పదిహేనుతో భాగిస్తే, మైనస్ గుర్తు వదిలేస్తే, 0.4. ఇదే ఎలాస్టిసిటీ, ధర ఒక శాతం పెరిగితే డిమాండ్ ఎంత శాతం తగ్గుతుందో చెప్పే లెక్క. అంటే ధర పెరిగినంతగా డిమాండ్ తగ్గదు, భారంలో పెద్ద వాటా తల్లిదండ్రులదే. ఆ అబ్బాయి ‘నేను చెప్పలేదా’ అన్నట్టు చూశాడు.

అప్పుడు కిటికీ పక్కన కూర్చునే ఒకమ్మాయి, మామూలుగా నోరు విప్పని పిల్ల, చెయ్యెత్తింది. “ఈ 0.4 మా ఇంట్లో ఎవరికీ సరిపోదు మిస్. వచ్చే ఏడాది మేలో నాకు ఏ లెవెల్స్, స్కూలు ఆఖరి పరీక్షలు. మధ్యలో స్కూలు మార్చరు, ఫీజు ఎంతైనా కడతారు. మా తమ్ముడు ఇయర్ 6, ప్రైమరీ ఆఖరి ఏడాది. వాణ్ని ఇక్కడ ఎంట్రన్స్‌కి కూర్చోబెట్టడం మానేశారు” అంది. అదే ఇల్లు, అదే జీతం, అదే స్కూలు, పిల్లలిద్దరికీ రెండు ఎలాస్టిసిటీలు! మార్కరు తనకే ఇచ్చాను. ఫీజెంత పెరిగినా మానదు కాబట్టి తనకోసం దాదాపు నిట్టనిలువు గీత గీసింది, తమ్ముడికి వాలుగా ఇంకో గీత. అది చూసి ఇంకొకడు, అలాగైతే పన్ను ప్రభావం ఈ ఏడాది మొత్తం లెక్కల్లో కనపడదు, ఇయర్ 7లో, అంటే హైస్కూలు మొదటి తరగతిలో, కొత్తగా చేరేవాళ్లను చూడాలి కదా అన్నాడు. స్వల్పకాలం, దీర్ఘకాలం అని పుస్తకం పొడిపొడిగా చెప్పి వదిలేసే సంగతి అది. బెల్లు కొట్టాక కూడా లంచ్ క్యూలో నిలబడి దాని మీదే వాదించుకున్నారు. ఈ పన్ను న్యాయమేనా అని నన్ను నిలదీశారు కూడా. ఇంగ్లండ్‌లో నూటికి 93 మంది పిల్లలు ఈ ఫీజుల గొడవ లేకుండానే చదువుకుంటున్నారు, వాళ్ల ఇళ్లవైపు నుంచి కూడా ఒక పేజీ రాసుకురండి అన్నాను.

నా అసలు బాధ పరీక్షలతో. 25 మార్కుల వ్యాసాల్లో మూల్యాంకనానికి (వాదన ఎంతవరకు నిలుస్తుందో తూచి చెప్పడానికి) మార్కులుంటాయి కాబట్టి ప్రతి పేరా చివరా ‘ఇది పరిస్థితులను బట్టి ఉంటుంది’ అని మంత్రంలా రాసేయడం నేర్పేస్తున్నారు. ఏ పరిస్థితి, ఎవరికి, ఎంత, ఎన్నాళ్లకు అన్నది ఉండదు. మాట బాగా వచ్చిన పిల్లలకు ఇది మరీ ప్రమాదం, ఏమీ చెప్పకుండానే రెండు పేజీలు నింపగలరు. తమ్ముడి గీత గీసిన అమ్మాయి ఆ తర్వాత రాసిన వ్యాసంలో ఆ వాక్యం ఒక్కసారి కూడా లేదు. ఎవరు ఎప్పుడు మానేస్తారో విడివిడిగా రాసింది. నేను ఆ ఏడాది దిద్దినవాటిలో అదే మేలైనది.

ఇంకోటి, మన తెలుగు తల్లిదండ్రులు. పేరెంట్స్ ఈవినింగ్‌లో కూర్చోగానే “ఎకనామిక్స్‌తో ఏం ఉద్యోగం వస్తుందండీ” అంటారు. ఎంపీసీలో నెగ్గలేనివాళ్లే సీఈసీకి పోతారన్న ఆలోచన విమానమెక్కి ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడ లెక్కల్లో ఆరితేరినవాళ్లు కూడా ఈ సబ్జెక్టు తీసుకుంటారు. ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) లోనో కేంబ్రిడ్జిలోనో ఎకనామిక్స్ చదవాలంటే ఏ లెవెల్‌లో మ్యాథ్స్ తప్పనిసరి, ఎకనామిక్స్ చదివి ఉండక్కర్లేదు. ఈ ముక్క తెలియక మ్యాథ్స్ వదిలించేసి తర్వాత టెన్షన్ పడే ఇళ్లు చూస్తున్నాను. ఆడపిల్లలనైతే ఇంకా వెనక్కి లాగుతారు. అసలే ఏ లెవెల్ ఎకనామిక్స్ రాసేవాళ్లలో అమ్మాయిలు మూడోవంతు దగ్గరే ఉంటారు.

పని ఎక్కువే. చాలా బోర్డింగ్ స్కూళ్లలో శనివారం కూడా పాఠాలుంటాయి, ఆటల డ్యూటీలు, రిపోర్టులు, యూనివర్సిటీ అప్లికేషన్లకు రిఫరెన్సులు. సెలవులు మాత్రం ప్రభుత్వ స్కూళ్ల కన్నా ఎక్కువ. సెప్టెంబరు ఉద్యోగాలకు ప్రకటనలు జనవరి నుంచే మొదలవుతాయి, టీచర్ ఉద్యోగాల ప్రకటనలు వచ్చే టెస్ సైట్ చూస్తూ ఉండండి. ఇంటర్వ్యూ రోజు అక్కడి పిల్లలకు పాఠం చెప్పి చూపించమంటారు. స్లైడ్లు తగ్గించుకుని, ఆ ఊళ్లోని బస్సు టికెట్టో, స్కూలు ఎదురు షాపులో శాండ్‌విచ్చో, ఒక అసలు ధర పట్టుకెళ్లండి. మొదటి ఐదు నిమిషాల్లోనే మార్కరు పిల్లల చేతికివ్వండి.