బాపు మీద పద్యం రాసే తమ్మునికి

తమ్మీ,

నువ్వు పంపిన సీసపద్యం చదివిన. నాలుగు పాదాలల్ల అన్నదాత, భూమిపుత్రుడు, దేశానికి వెన్నెముక అన్నీ వచ్చినయి, మీ బాపు, అంటే మీ నాయన, ఒక్కడే రాలేదు. ఆ పద్యం ఏ ఊరి రైతుకు పెట్టినా సరిపోతది. బిరుదులు ఎన్ని తగిలిస్తే ఏం, ఆయన పని నీకు ఎంత దగ్గరగ తెలుసో అదే చదివేటోనికి కనపడతది.

ముందు ఛందస్సు సంగతి. సీసం ఇప్పుడే వద్దు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు, వివరం కింద చెప్త), అట్లాంటివి నాలుగు పాదాలు, కింద మళ్ల తేటగీతో ఆటవెలదో. అంత జాగ నింపేటందుకు సరుకు లేకపోతే 'ఇలను', 'వేడ్కతో', 'ఘనముగా' అని తాలు మాటలు పడతయి. నీ పద్యంల అవి ఏడెనిమిది ఉన్నయి.

ఆటవెలది పట్టుకో. 1, 3 పాదాలల్ల మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలల్ల అయిదూ సూర్యగణాలే. మొదటి గణం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి కలవాలె, అంటే రెండిటి మోత కుదరాలె. ప్రాస, అంటే అన్ని పాదాలల్ల రెండో అక్షరం ఒకటే ఉండుడు, ఆ బాధ లేదు. సూర్యగణమంటే గలం (గురువు, లఘువు) గాని నగణం (మూడు లఘువులు) గాని. గురువంటే పొడుగ్గ పలికే అక్షరం, లఘువంటే పొట్టిగ పలికేది. ఇంద్రగణమంటే నల, నగ, సల, భ, ర, త అండ్ల ఏదన్న ఒకటి. బాపు, చేను, మన్ను, వాన, బాయి, గొర్రు, పార, పత్తి, మిర్చి, వడ్లు: ఇవన్నీ గలాలే. పొలంల దొరికే మాటలే గణాలల్ల ఒదుగుతుంటే సంస్కృత సమాసాలు వెతుకుడెందుకు? 'పొలం' మాత్రం కుదరదు, లఘువు తర్వాత గురువు వస్తది. 'పొలము' అంటే మూడు లఘువులయి నగణం అయితది. 'కష్టం'ల రెండూ గురువులే, అదీ పట్టదు. కష్టం మాట తీసేస్తే పద్యానికే మంచిది.

పాట లెక్క చదవాలనుకుంటే ద్విపద ఉంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం; మూడో గణానికి యతి, రెండో అక్షరానికి ప్రాస. పాల్కురికి సోమన పట్టుకున్నది అదే. సోమన పాలకుర్తి, పోతన బమ్మెర ఒకే మండలంల ఉన్నయి. పోతన ఎవుసం చేసుకొని బతికిండని లోకం చెప్తది. మన దిక్కు రైతు పద్యంలకు వచ్చుడు కొత్తేం కాదు.

ఇగ సరుకు సంగతి. పద్యానికి ముందు ఒక పేజీ వచనం రాయి. మీది నల్లరేగడా, ఎర్ర చెల్కనా? బాయి కిందనా, చెరువు కిందనా? అండ్ల ఒక్క పని తీసుకో, జీవితమంత వద్దు. రేగడిల పత్తి పెట్టుడే తీసుకుందాం. 60-70 మిల్లీమీటర్ల వాన పడి తడి లోపలికి దిగినంకనే ఇత్తు పెట్టాలె. మృగశిర కార్తెల ఒక్క జల్లు చూసి తొందరపడితే గింజ ఉబ్బి, మొలక పైకి రాకముందే ఎండిపోతది, మళ్ల ప్యాకెట్లు కొనాలె. అందుకే పదును, అంటే నేలల తడి, చూస్తరు. మన్ను పిడికిట పట్టి పిసుకుతే ఉండ కట్టాలె. ఈ ముచ్చటను ఆటవెలదిల పెడితే ఇట్లుంటది:

పిడికెడంత మన్ను పిసికి చూసెను బాపు
ఉండ కట్టలేదు, ఉత్త దుమ్ము
పక్క చేనువాళ్లు పత్తి గింజలు పెట్ట
మబ్బు దిక్కు తిరిగె మాటలేక

మొదటి పాదం విడదీయి: పిడికె, డంత, మన్ను, పిసికిచూ, సెనుబాపు. న, గలం, గలం, నగం (మూడు లఘువులు, ఒక గురువు), సలం (రెండు లఘువులు, గురువు, లఘువు). యతి 'పి'కి 'పి'. రెండో పాదంల 'ఉ'కు 'ఉ'. అక్కడ సంధి చేస్తే 'లేదుత్త' అయి గణం చెడుతది. కామా కాడ ఆగుతం కాబట్టి విడిగ ఉంచిన. పండితులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోనీ. ఓపిక, గొప్ప అన్న మాటలు ఎక్కడన్న ఉన్నయా చూడు. పక్కోళ్లు గింజలు పెట్టంగ ఆగిన మనిషి ఉన్నడు, అది చాలు.

తప్పులు ఎక్కువ పనిముట్ల కాడనే జరుగుతయి. మీ బాపు ట్రాక్టర్ తోని దున్నిస్తడు, పద్యంల నాగలి, ఎడ్లు, మోట ఎందుకొచ్చినయి? పత్తిల కలుపు తీసే గుంటుక తోలేటందుకు ఎడ్లు ఉంటే రాయి, లేకుంటే వద్దు. కాలం కూడ సరి చూసుకో. ఎర్రటి మిర్చి కల్లంల ఆరబోసి, అదే పద్యంల ఆరుద్ర వాన కురిపించినవు. మిర్చి ఏరుడు చలికాలం చివర, ఎండలు ముదిరే యాళ్లకు. చపాట మిర్చి అన్నంక 'ఘాటు' అనకు. అండ్ల కారం తక్కువ, రంగు ఎక్కువ, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఎవర్ని అడిగినా చెప్తరు. వడ్ల మీద రాస్తే కొనుగోలు సెంటర్ దాక పో: తేమ 17 శాతం దాటితే మళ్ల ఆరబోయాలె, తాలు ఉంటే తూర్పార పట్టాలె. కుప్ప కాడ పడుకున్న రాత్రి మీద ఒక పద్యం వస్తది. నెర్రెలు బారిన పాదాలు, చెమట చుక్కలు మాత్రం ఇంకో పదేండ్లు ముట్టకు, అందరూ వాడి అరగదీసిన్రు.

రాసినంక గొంతెత్తి చదువు. యతి కాడ ఊపిరి తడబడితే మాట మార్చు. తర్వాత బాపుకు వినిపించు, పేరు పెట్టి పొగిడినట్టు కాకుండ మామూలుగ చదువు. ఆయన 'మంచిగుంది' అంటే పట్టించుకోకు. 'పదును అట్ల చూడం' అన్నడనుకో, అప్పుడు కాగితం తీసి ఎట్ల చూస్తరో అడిగి రాసుకో, ఆయన మాట ఉన్నది ఉన్నట్టు. దిద్దినంక పాదం కింద గురులఘువులు పెన్సిల్ తోని గుర్తుపెట్టి రెండు పద్యాలు పంపు, మూడోది వద్దు.