ఆరోగ్యవరం ఆసుపత్రిని ఊరికి ఎడంగా ఎందుకు కట్టారు?

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఆసుపత్రి ఊళ్లో కాకుండా అంత దూరాన, చెట్ల మధ్య ఎందుకుందని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, కట్టిన రోజుల్లో క్షయకు మందు లేదు. గాలే మందు.

అది మొదలైంది 1912లో. చిత్తూరు జిల్లా ఏర్పడి అప్పటికి ఏడాది. క్షయ క్రిమిని జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ 1882లోనే పట్టుకున్నా, దాన్ని చంపే మందు రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. ఆలోగా డాక్టర్ల చేతిలో ఉన్నవి పొడిగాలి, గట్టి తిండి, మంచం దిగనివ్వని విశ్రాంతి, అంతే. మదనపల్లె 2,000 అడుగులకు పైన ఉంది, ఎండలు కింది ఊళ్లంత మండవు. పైగా ఊళ్లో పెడితే జనం ఊరుకోరు. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టాయి కాబట్టి యూనియన్ మిషన్ టీబీ శానటోరియం అన్నారు. శానటోరియం అంటే రోగులు నెలల తరబడి ఉండి కోలుకునే ఆసుపత్రి. మొదటి సూపరింటెండెంటు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్.

మా తాత 1946లో అక్కడ పద్నాలుగు నెలలు ఉన్నాడు. మాది చిత్తూరు. పాకాలలో రైలు మారి, మదనపల్లె రోడ్డు స్టేషన్‌లో దిగి, అక్కణ్ణించి జట్కా. స్టేషన్ పేరులో మదనపల్లె ఉందే గానీ ఊరు చాలా దూరం, ఆ సంగతి దిగినాక గాని తెలియదు! తాత ఎక్కడికి పోయినాడని ఎవరైనా అడిగితే ఇంట్లో 'మదనపల్లెలో పని దొరికింది' అని చెప్పేవాళ్లట. అప్పట్లో ఆ మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు, మదనపల్లె అంటేనే అర్థమైపోయేది.

తాత కార్డుల్లో రాసేది ఒకటే, బరువు. 'ఈ వారం రెండు పౌన్లు పెరిగినాను.' అవ్వకు చదువు రాదు. కార్డు రాగానే తులసికోట మీద ఎండలో గంటసేపు పెట్టి, ఆ తర్వాతే తమ్ముడి చేతికిచ్చి చదివించుకునేదట. తాతకు రొమ్ములోకి సూదితో గాలి ఎక్కించేవాళ్లు. ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి కొన్నాళ్లు పని చేయనీయకుండా పెడితే పుండు మానుతుందని లెక్క. వినడానికి మోటుగా ఉంటుంది కానీ ఆ కాలానికి అదే పెద్ద వైద్యం. తాత తిరిగొచ్చి ఇంకో ముప్పై ఏడేళ్లు బతికాడు. ఆయన తాగే గ్లాసు మాత్రం చివరిదాకా వేరే గూట్లోనే ఉండేది. తీసి మిగతావాటిలో కలుపుదామని మా అమ్మ ఒకసారి అంటే అవ్వ ఒప్పుకోలేదు.

మదనపల్లె అనగానే అందరూ 1919లో ఠాగూర్ వచ్చి జనగణమన ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేసిన సంగతే చెప్తారు. నాకైతే 1948 కూడా అంత ముఖ్యమే. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మన దేశంలో మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 55 దాకా చుట్టుపక్కల పల్లెల జనానికి ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతమందికి ఉంది, ఎలా పాకుతోంది అని లెక్కగట్టారు. రోగి వచ్చేదాకా కూర్చోకుండా ఆసుపత్రే పల్లెకు పోవడం, అదీ ఆ రోజుల్లో.

ఆ రోజుల్లోనే మందులూ వచ్చాయి. స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. ఇంట్లో ఉండి మాత్రలు మింగినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధనలో తేలిపోయింది. ఇంక నెలల తరబడి కొండగాలికి వచ్చి పడుకోవాల్సిన పని లేకపోయింది. శానటోరియం మెల్లగా అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అయింది, పేరు కూడా ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా మారింది.

మూడేళ్ల కింద మా పిన్నికి షుగర్ చూపించడానికి నేనే తీసుకుపోయాను. చీటీ రాయించుకుని కూర్చున్నాక పిన్ని అడిగింది, 'మీ తాత పడుకున్న వార్డు ఏదిరా?' అని. కనుక్కుందామని లేచాను, అంతలో మా నంబరు పిలిచారు.