పాత ఇత్తడి కొళాయిలకీ, గొలుసు ఫ్లష్ ట్యాంకుకీ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

మీ ప్రశ్న ఇదీ: పర్లాకిమిడిలో తాతగారి మేడ. స్నానాల గదిలో 1930ల నాటి ఇంగ్లీషు సామాను. బేసిన్ మీద రెండు పిల్లర్ కాక్‌లు (నిలువుగా నిలబడే కొళాయిలు), రెండూ కారుతున్నాయి, ఒకదానికి హేండిల్ లేదు. గోడమీద ఎత్తున పోత ఇనుప ఫ్లష్ ట్యాంకు. దాని బంతి మునిగిపోతోంది, లివర్ విరిగింది. బరంపురం ప్లంబర్లు అన్నీ పీకేసి కొత్తవి వేసుకోమంటున్నారు.

పీకొద్దు. మీకు కావలసినవాటిలో సగం ఇప్పటికీ కొట్లో దొరికేవే, మిగతావి చేయించుకోవచ్చు. కాకపోతే ఫోన్లో ఫోటో చూపించి "ఇలాంటిది ఉందా" అని అడిగితే ఏ కొట్టువాడైనా లేదనే అంటాడు. అతనికి కావలసింది త్రెడ్డు (మర చుట్లు) కొలత.

ముందు ఒక్క కొళాయే విప్పండి. రెండోది విప్పకుండా ఉంచుకుంటే బిగించేటప్పుడు అదే నమూనా. మెయిన్ కట్టేసి, కొళాయిని సగం తెరిచి, అప్పుడు బానెట్ (బాడీ మీద బిగే పై మూత) విప్పాలి. మూసి ఉన్నప్పుడు విప్పితే స్పిండిల్ (హేండిల్‌తో తిరిగే కడ్డీ) సీటుని (వాచర్ ఆనే అంచుని) నొక్కుతూ ఉంటుంది, త్రెడ్డు పాడవుతుంది. పైప్ రెంచి వద్దు, దాని పళ్ళ గాట్లు పూత మీద నుంచి ఎప్పటికీ పోవు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి స్క్రూ స్పానర్ పెట్టండి. రెండో స్పానర్‌తో బాడీని పట్టుకోవాలి, లేకపోతే ఆ బలమంతా పింగాణీ బేసిన్ మీద పడి చిల్లు దగ్గర చీలుతుంది. కదలకపోతే తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మరిగే నీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి మళ్ళీ చూడండి. సుత్తి జోలికి పోవద్దు.

ఇక కారడం. మూతి నుంచి బొట్లు పడుతుంటే వాచర్ పోయినట్టు, లేదా సీటు అరిగినట్టు. హేండిల్ కింద నుంచి కారితే గ్లాండ్ ప్యాకింగ్ (స్పిండిల్ చుట్టూ నీళ్ళు రాకుండా కూరిన చుట్ట) పోయినట్టు. ఈ రెండిటికీ పాత భాగం వెతకనక్కర్లేదు. సీటు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పండి. ఒకచోట గోరు పడిందంటే అక్కడ గాడి ఉందన్నమాట. సీట్ కటర్‌తో పలచగా గీస్తే చాలు. అది లేకపోతే లేత్ మీద పెట్టించండి. గ్లాండ్‌లోకి టెఫ్లాన్ టేపుని తాడులా పేని మూడు నాలుగు చుట్లు పెట్టి, నట్టు చేత్తో బిగించి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు. కారడం ఆగితే ఇంకా బిగించకండి, స్పిండిల్ తిరగడం కష్టమవుతుంది.

ఇప్పుడు త్రెడ్డు. ఇంగ్లీషు సామానూ, మన సామానూ రెండూ బీఎస్‌పీ (బ్రిటిష్ స్టాండర్డ్ పైప్) త్రెడ్డే. మనకు కలిసొచ్చేది ఇదే. పైపు త్రెడ్డు పేరుకి అరంగుళమైనా బయట కొలిస్తే 20.95 మి.మీ. ఉంటుంది, అంగుళానికి 14 చుట్లు. ముప్పావంగుళం 26.44 మి.మీ., అదీ 14 చుట్లే. మూడు బై ఎనిమిది 16.66 మి.మీ., 19 చుట్లు. బేసిన్ వేస్టూ (నీళ్ళు బయటకు పోయే దారి), ఫ్లష్ పైపూ ఎక్కువగా ఒకటింపావు, 41.91 మి.మీ., 11 చుట్లు. పాత సరుకు అరిగి ఉంటుంది కాబట్టి వెర్నియర్ మీద కొంచెం తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి.

థ్రెడ్ గేజ్ లేకపోయినా ఫరవాలేదు. కొత్త అరంగుళం నిపిల్ (రెండు చివరలా చుట్లున్న చిన్న పైపు ముక్క) ఒకటి కొని, దాని చుట్లని పాతదాని చుట్ల మీద ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. చుట్లు ఒకదానిలో ఒకటి కూర్చుని సందులోంచి వెలుతురు రాకపోతే అదే త్రెడ్డు. మూడో నాలుగో చుట్టు దగ్గర లేచిపోతే వేరేది. తర్వాత చేత్తో తిప్పి చూడండి. నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కాలి. రెండో చుట్టుకే పట్టేసినదాన్ని స్పానర్‌తో లాగితే ఇత్తడి ఒప్పేసుకుంటుంది, కానీ తర్వాత ఆ బాడీ దేనికీ పనికిరాదు. అమెరికన్ సామానుతో ఇదే చిక్కు: వాళ్ళ అరంగుళానికీ అంగుళానికి 14 చుట్లే, సైజూ దగ్గరే, కానీ చుట్టు కోణం 60 డిగ్రీలు, మనది 55. ఎక్కినట్టే ఎక్కి కారుతుంది.

పైపు వైపు త్రెడ్డు ఇలా కుదురుతుంది గానీ, బాడీలోకి బానెట్ బిగే చోట, స్పిండిల్ మీద తయారీదారు ఇష్టం. షాంక్స్, ట్వైఫోర్డ్స్, డౌల్టన్ అని బ్రిటిష్ కంపెనీ పేరు ఒకటే ఉన్నా లోపలి భాగం కలుస్తుందన్న నమ్మకం లేదు. జామ్‌నగర్ నుంచి వచ్చే కొత్త స్పిండిల్ సెట్లలో నాలుగు రకాలు తీసుకుని వేసి చూడాల్సిందే. కుదిరితే అదృష్టం, లోపల ఉన్నది కొత్తదని ఎవరికీ తెలియదు.

హేండిల్ పట్టే చిన్న స్క్రూ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఆ కాలపు ఇంగ్లీషు సరుకులో అది తరచు 2 బీఏ (చిన్న స్క్రూలకి పాత బ్రిటిష్ కొలత), అంటే 4.7 మి.మీ. చూడ్డానికి ఎం5 (5 మి.మీ. మెట్రిక్ స్క్రూ) లాగే ఉంటుంది, బలవంతంగా ఎక్కిస్తే పాత చుట్లు గీరుకుపోతాయి. రంధ్రం ఇప్పటికే పాడైతే 4.2 మి.మీ. డ్రిల్లు వేసి ఎం5 టాప్ (రంధ్రంలో చుట్లు కోసే పనిముట్టు) కొట్టించుకోవడమే శుభ్రమైన దారి.

ఎక్కడ వెతకాలి అంటే, మొదట మీ ఇంట్లోనే: పెరటి గదిలో, మూసేసిన మరుగుదొడ్డిలో అదే లాటు కొళాయి ఒకటి తరచు మిగిలిపోయి ఉంటుంది. తర్వాత బరంపురం, పర్లాకిమిడి తుక్కు కొట్లు. ఇత్తడి తూకానికి కొనేవాళ్ళ దగ్గర పాత కొళాయిలు గోనెసంచుల్లో ఉంటాయి, కరిగించడానికి పంపకముందే అడగాలి. పాత బంగళాలు కూల్చే కాంట్రాక్టరు తెలిస్తే ఇంకా మేలు. అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి: అంటుకుంటే పూత వేసిన ఇనుము. అంటుకోకపోతే కనపడని మూల ఆకురాయితో గీయండి. పసుపు అయితే ఇత్తడి, ఎర్రగా ఉంటే గన్‌మెటల్ (రాగిలో తగరం, జింకు కలిపిన లోహం), తెల్లగా తేలిగ్గా ఉంటే జింకు పోత, అది వదిలేయండి. "బ్రిటిష్ కాలంది సార్" అని అమ్మేవాడి చేతిలో వస్తువు మీద ఆర్మిటేజ్ షాంక్స్ అని రెండు పేర్లూ కలిసి ఉంటే నవ్వి ఊరుకోండి, ఆ రెండు కంపెనీలూ కలిసింది 1969లో.

దూరం వెళ్ళగలిగితే కోల్‌కతా రస్సెల్ స్ట్రీట్ వేలం, ముంబయి చోర్ బజార్లో మటన్ స్ట్రీట్, తమిళనాడులో కారైక్కుడి పాత సామాన్ల కొట్లు. వీటిలో మీకు కోల్‌కతాయే నయం, బరంపురం నుంచి రైలు నేరుగా ఉంది. ఒక్క హేండిల్ కోసం మాత్రం వెళ్ళకండి, ఖర్చు దండగ. హేండిల్ చేయించుకోవడమే చవక.

చేయించడానికి రెండు దారులు. గుండ్రంగా ఉండే ప్రతిదీ (స్పిండిల్, గ్లాండ్ నట్టు, వాచర్‌ని పట్టే జంపర్, ఫ్లాంజి) లేత్ పని. మిషనింగ్ బ్రాస్ రాడ్ అని అడగండి, అందులో కొంచెం సీసం కలిసి ఉంటుంది కాబట్టి చుట్లు శుభ్రంగా తెగుతాయి. స్పిండిల్ ఇచ్చేటప్పుడు దాని మీద ఒకే చుట్టు నడుస్తోందా, రెండు చుట్లు పక్కపక్కన నడుస్తున్నాయా చూసి టర్నర్‌కి చెప్పండి. సగం స్పిండిళ్ళు అక్కడే పాడవుతాయి. ఊళ్ళో కుదరకపోతే విశాఖ ఆటోనగర్.

నాలుగు కొమ్ముల హేండిల్ పోత పని. బుడితి, బెల్లగుంట లాంటి చోట్ల ఇత్తడి పనివాళ్ళున్నారు, రెండో హేండిల్‌ని నమూనాగా ఇవ్వొచ్చు. ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది: 80 మి.మీ. హేండిల్ 78.8 అయి వస్తుంది. పక్కపక్కన పెడితే కన్ను పట్టేస్తుంది. అందుకని నమూనాకి పలచగా మైనం పట్టించి లావు చేయమనండి. చతురస్రపు రంధ్రాన్నీ, స్క్రూ రంధ్రాన్నీ మట్టితో పూడ్చి రంధ్రం లేకుండా నిండుగా పోయించి, తర్వాత డ్రిల్లు వేసి ఆకురాయితో చదరం చేయించాలి. పోతలో వచ్చిన త్రెడ్డు ఎప్పుడూ కుదరదు. గిన్నెలు కరిగించిన కంచు మాత్రం వద్దు. తగరం ఎక్కువ, మోగుతుంది బాగా, టాప్ కొడితే పెళుక్కుమంటుంది. నీటి ఒత్తిడి పడే బాడీ, బానెట్ ఊరి పోతలో చేయించకండి, సూది బెజ్జాలుంటాయి. అవి గన్‌మెటల్‌లో ఫౌండ్రీ పని. బిగించాక తుడిచి, మేడమీది ట్యాంకు నీళ్ళు వదిలి, టిష్యూ కాగితం చుట్టి ఒక గంట ఉంచండి. బెజ్జం ఎక్కడో మచ్చ చెప్తుంది.

ఫ్లష్ ట్యాంకు సులువు. రాగి బంతిని ఊపితే లోపల నీళ్ళు పలుకుతాయి. వేడినీళ్ళలో ముంచితే చిల్లు దగ్గర బుడగలొస్తాయి. రెండు మి.మీ. రంధ్రం చేసి నీళ్ళు కార్చి, ఎండబెట్టి, మొదట అతుకుని టంకం వేయాలి, రంధ్రాన్ని చివర్న. ముందే మూసేస్తే లోపలి వేడిగాలి టంకాన్ని తన్నుకుని బయటకొస్తుంది. నన్నడిగితే ప్లాస్టిక్ బంతి వేసేయండి, మూత కింద ఎవరు చూస్తారు? బంతి బిగే కడ్డీ త్రెడ్డు చాలావాటికి 5/16 అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ బోల్టు త్రెడ్డు), అంగుళానికి 18 చుట్లు, అది ఒకటి సరిచూసుకోండి.

విరిగిన లివర్‌ని మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేయిస్తే అతుకు పక్కనే మళ్ళీ విరుగుతుంది, పోత ఇనుము తీరే అంత. వేడి చేసి గ్యాస్ మీద ఇత్తడి అతుకు పెట్టించాలి, లేదా నికెల్ రాడ్. పాత ట్యాంకుల్లో రెండు గ్యాలన్లు, అంటే 9 లీటర్ల నీళ్ళు పడతాయి. ఇనుము బరువు కలుపుకుని గోడ బ్రాకెట్ల బోల్టులు తుప్పు తిన్నాయేమో ముందే చూడండి. లోపల తుప్పుని వైరు బ్రష్‌తో రుద్ది బిటుమెన్ పెయింటు వేయండి, ఉలితో కొట్టొద్దు.

పూత చివరి పని. క్రోమియం పూత వాడుకలోకి వచ్చింది 1920ల చివర్లో, కాబట్టి మీవి నికెల్, క్రోమ్ రెండిట్లో ఏదైనా కావచ్చు. కాస్త పసుపు ఛాయ వెచ్చగా ఉంటే నికెల్, నీలంగా మెరిస్తే క్రోమ్. నికెల్ అయితే ప్లేటింగ్ వాడికి "నికెల్ దగ్గర ఆపు, క్రోమ్ వద్దు" అని చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ రెండూ వేసేస్తాడు. త్రెడ్ల మీద టేపు చుట్టి ఇవ్వండి, పూత చుట్లలో నిండితే నట్టు ఎక్కదు. "హాట్", "కోల్డ్" అక్షరాలున్న బిళ్ళలని బఫింగ్ చక్రానికి ఇవ్వకండి, రెండు నిమిషాల్లో అరిగిపోతాయి. చింతపండు పెట్టి రుద్దడం పూత లేని ఇత్తడికే, అదీ తోమి వెంటనే కడిగేసి.