బ్యాగులో చుట్టుకునే కాగితాలు దొరికాయి.. బాబుకి టెస్ట్ చేయించాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పెద్దబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఉతకడానికి బట్టలు తీస్తుంటే బ్యాగులో సిగరెట్ చుట్టుకునే సన్న కాగితాలు, కంటి చుక్కల మందు కనిపించాయి. ఫ్రెండ్‌వి అన్నాడు. గంజాయేమోనని భయంగా ఉంది. తెలియకుండా యూరిన్ టెస్ట్ చేయించమంటారా? చదువు మాన్పించేద్దామంటున్నారు మావారు. ఆయన ఆదివారాలు ఇంట్లోనే తాగుతారు. తొమ్మిదో తరగతి చదివే చిన్నవాడికీ ఇది అంటుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, దొంగచాటు టెస్ట్ వద్దు. రోజూ గంజాయి తాగేవాళ్లకు మానేశాక కూడా నెల వరకు పాజిటివ్ రావచ్చు. ఎప్పుడో ఒకసారి తాగితే మూడు నాలుగు రోజుల్లోనే నెగెటివ్ వచ్చేస్తుంది. అంటే ఎంత అలవాటైందో, ఎందుకు మొదలైందో ఆ టెస్ట్ చెప్పదు. ఈ సంగతి బాబుకి తెలిస్తే మాత్రం ఇక మీకు ఏదీ చెప్పడు. కళ్లు ఎర్రబడటానికి గంజాయే కాదు, ఫోన్, నిద్రలేమి కూడా కారణం కావచ్చు కాబట్టి చుక్కల మందును పెద్దగా పట్టించుకోను. కాగితాల గురించి మాత్రం అడగాల్సిందే.

ఎలా అడగాలన్నదే అసలు విషయం. చుట్టాల ముందు వద్దు, నాన్న గ్లాసు పట్టుకుని కూర్చున్న వేళ అసలే వద్దు. రాత్రి భోజనాలయ్యాక మేడ మీద ఇద్దరే ఉన్నప్పుడు, ‘బ్యాగులో చూశాను, భయమేసింది. ఎప్పటి నుంచి నాన్నా?’ అనండి. అని ఊరుకోండి. ఆ మౌనం భరించడం కష్టమే, కానీ మీరు మాట్లాడటం మొదలుపెడితే వాడు ఆపేస్తాడు. ఇంకో మాట: తల మీద చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకోకండి. మన ఇళ్లలో ఇది మామూలే. పిల్లవాడు ఆ క్షణంలో నిజంగానే ఒట్టేస్తాడు. నెల తిరక్కుండా తప్పుతాడు, ఆ తర్వాత అమ్మ ముఖం చూడలేక ఇంకా దాస్తాడు.

‘అది చెట్టు ఆకే కదా, మందు కంటే నయం’ అంటాడు, చూడండి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లందరూ చెప్పేదే. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది. ఈలోగా రోజూ గంజాయి పడితే జ్ఞాపకశక్తి, చదువు మీద ధ్యాస దెబ్బతింటాయి. మీ వంశంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా? ఉంటే ఆ విషయం బాబుకి తప్పకుండా చెప్పండి, అలాంటివాళ్లకు ముప్పు ఎక్కువ. తనలో తాను మాట్లాడుకోవడం, అందరినీ అనుమానించడం, చనిపోతాననడం లాంటివి కనిపిస్తే అదే రోజు సైకియాట్రిస్ట్‌కి చూపించాలి.

రోజూ తాగేవాడు మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే నిద్ర పట్టదు, అన్నం సయించదు, ప్రతిదానికీ విసుక్కుంటాడు. మొదటి వారం ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. పెద్దవాళ్లు దాన్ని పొగరనుకుని గొడవ పెట్టుకుంటారు. అప్పుడే మళ్లీ మొదలవుతుంది. చదువు మాన్పించడం కూడా అలాంటిదే, చేతికి పని లేకుండా పోతుంది. కావాలంటే హాస్టల్ గది మార్పించండి.

పోలీసు కేసు అవుతుందేమోనని చాలామంది డాక్టర్ దగ్గరికి రారు. మత్తు పదార్థాల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి వాడకం కేసు నుంచి రక్షణ ఇస్తుంది, చికిత్స పూర్తి చేస్తేనే. 14446కి ఫోన్ చేస్తే డీ అడిక్షన్ సలహా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో కౌన్సెలింగ్ ఉచితంగా దొరుకుతాయి. గదిలో పెట్టి తాళం వేస్తామనే సెంటర్ల జోలికి వెళ్లకండి.

ఇక చిన్నవాడు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ఆదివారాలే. సోడా, మిక్చర్ ప్యాకెట్ తెమ్మని ఎవర్ని పంపుతున్నారు? ‘ఒక్క చుక్క రుచి చూడరా’ అని నవ్వుతూ గ్లాసు అందిస్తున్నారా? మొదటి గుక్క ఎంత ఆలస్యమైతే అంత మంచిది. అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వేలో, 15 ఏళ్లలోపు మద్యం మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం మంది తర్వాత బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మద్యం కొనడానికే 21 నిండాలి.

చిన్నవాడితో ఒక ఒప్పందం చేసుకోండి. బర్త్‌డే పార్టీలో ఎవరైనా ఏదైనా చేతిలో పెడితే, ఎంత రాత్రయినా ఫోన్ చేయవచ్చు. వచ్చి తీసుకెళ్తారు, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగరు. తెల్లారాక మాట్లాడుకోవచ్చు. ‘వద్దురా, రేపు మ్యాచ్ ఉంది’ లాంటి మాట ముందే నోటికి వచ్చేలా సరదాగా ఇంట్లో అనిపించండి.

ఈ జవాబు మీవారికి కూడా చదివి వినిపించండి. ఆదివారంతో ఆగకుండా రోజూ తాగుతున్నారా, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా? అలాగైతే ఒక్కసారిగా మానొద్దు, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవమనండి. రోజూ తాగే అలవాటు లేకపోతే, వచ్చే ఆదివారం సోడాకి చిన్నవాణ్ని పంపకుండా తానే వెళ్లమనండి.